ఒత్తుల చరిత్ర – చెన్నపట్నపు తెలుగు పిల్లల నాలుక

తెలుగు ఉపాధ్యాయ మిత్రులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. మన ఊళ్ళో తెలుగు నేర్చుకొనే పిల్లలు అక్షరమాల దాటుతారు, గుణింతాలు కూడా దాటుతారు. ఒత్తుల దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. "మావాడికి ఒత్తులు రావడం లేదండీ, ఇక తెలుగు మాన్పించి వేరే భాష తీసుకుంటాం" అని తల్లిదండ్రులు చెప్పే మాట మనలో చాలామంది విన్నదే. పిల్లవాడు "ప్రయాణం" అనడానికి "పిరయాణం" అంటాడు, "భక్తి" అని ఉన్నచోట "బకిత" అని చదువుతాడు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. వాడు నోరు మూసుకుంటాడు. ఒక కుటుంబంలో తెలుగు చదువు ఆగిపోవడానికి ఈపాటి కారణం చాలు.

ఇది పిల్లవాని మందబుద్ధీ కాదు, తమిళం చేసిన చెరుపూ కాదు. హల్లు మీద హల్లును పలకడం, రాయడం అన్న విషయానికి మన భాషలోనే పదిహేను వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే పిల్లవాని తప్పు ఎక్కడ పుడుతున్నదో మనకు అర్థమవుతుంది, దాన్ని దిద్దే దారి కూడా కనిపిస్తుంది.

మూడు పేర్లు

మన వ్యాకరణంలో హల్లుల కలయికకు మూడు పేర్లు ఉన్నాయి. ఒకే హల్లు రెండు సార్లు వస్తే ద్విత్వాక్షరం: అక్క, చెట్టు, పువ్వు. వేరు వేరు హల్లులు రెండు కలిస్తే సంయుక్తాక్షరం: భక్తి, పద్యం, చక్రం. మూడు, అంతకు మించి కలిస్తే సంశ్లేషాక్షరం: రాష్ట్రం, వస్త్రం, స్త్రీ.

ఈ మూడింటిలో మొదటిది మన పిల్లలకు కొత్త కాదు. తమిళంలోనూ అక్కా, అమ్మా, పాట్టి, పత్తు అన్నీ ద్విత్వాలే. మూడు హల్లులు వరుసగా రావడం కూడా తమిళంలో లేకపోలేదు, బ్రతుకు అనే అర్థంలో వాడే "వాఴ్క్కై" అన్న మాట చూడండి. తమిళం ఒప్పుకోనిది ముఖ్యంగా ఒకటి, మాట మొదట్లో హల్లుల కలయిక. ప్రాచీన తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియం ప్రకారం అచ్చు లేని హల్లుతో మాట మొదలు కాకూడదు. అందుకే బ్రాహ్మణుడు అక్కడ "పిరామణర్" అయినాడు. ర, ల అక్షరాలతో కూడా మాట మొదలు కాకూడదు కనుక రాముడు "ఇరామన్", లోకం "ఉలగం" అయినాయి. అంటే మన పిల్లవాడు "పిరయాణం" అన్నప్పుడు నోటికి వచ్చినట్లు అనడం లేదు. రెండు వేల ఏండ్ల నాటి ఒక వ్యాకరణ సూత్రాన్ని తెలియకుండానే పాటిస్తున్నాడు.

పైన రాయడం, పక్కన రాయడం

తెలుగు, తమిళ లిపులు రెండూ బ్రాహ్మీ లిపి నుండి వచ్చినవే. బ్రాహ్మీలో హల్లుల కలయికను ఒక అక్షరం కింద మరొక అక్షరం చేర్చి రాసేవారు. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో ఉన్నవాటితో సహా అశోకుని బ్రాహ్మీ శాసనాలలో మరొక విశేషం ఉన్నది. ద్విత్వాన్ని నోటితో పలికినా రాతలో చూపలేదు. "పియదస్సి" అని పలికే మాటను "పియదసి" అనే చెక్కారు. ఆ కాలపు రాయసగాళ్ళకు కూడా ఒత్తు రాయడం ఇంకా అలవాటు కాని పని అన్నమాట.

తరువాతి కాలంలో దారులు చీలాయి. తెలుగు, కన్నడ లిపులు కింద చేర్చే పద్ధతినే నిలుపుకొని ఒత్తులను పెంచుకున్నాయి. తమిళం హల్లు నెత్తిన చుక్క పెట్టి, తరువాతి హల్లును పక్కన రాసే పద్ధతిని స్థిరపరచుకున్నది. ఆ చుక్కనే "పుళ్ళి" అంటారు. హల్లుకు చుక్క ఉండడమే స్వభావమని తొల్కాప్పియమే చెబుతున్నది. తమిళదేశంలో సంస్కృతం రాయవలసి వచ్చినప్పుడు మాత్రం ఒత్తులు గల గ్రంథ లిపిని వాడుకున్నారు. మహాబలిపురం వెళ్ళినప్పుడు పల్లవుల గ్రంథ లిపి శాసనాలను పిల్లలకు చూపించండి. అక్షరాల కింద వేలాడే అక్షరాలు తమిళనేలకు పరాయివి కావని వాళ్ళే చూస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు చూద్దాం. "భక్తి" అన్న మాటను తెలుగులో రాసినప్పుడు గుడి "క" మీద ఉంటుంది, "త" ఒత్తుగా కిందికి పోతుంది. కానీ "ఇ" ధ్వని "త" తరువాత వినిపిస్తుంది. కంటికి ఒక వరుస, చెవికి మరొక వరుస. తమిళ లిపిలో అదే మాట "ప, క్, తి" అని పలికే వరుసలోనే ఉంటుంది. బడిలో ముందుగా తమిళం నేర్చిన పిల్లవాడు పై అక్షరాన్ని గుడితో సహా చదివి, తరువాత కింది అక్షరాన్ని చదువుతాడు. అందుకే "బకిత". వాడు కళ్ళకు కనిపించినదాన్నే నిజాయితీగా చదివాడు.

ఒత్తుల ఆకారాలు మరొక చిక్కు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే. గ, ద, బ వంటివాటిని చూస్తే ఇట్టే తెలుస్తాయి. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. ఎక్కువగా వాడుకలో ఉన్నవే ఎక్కువగా రూపు మారాయి. తాతల నాటి పుస్తకాలలో దీనికి తోడు వలపలగిలక కూడా ఉండేది. "ధర్మం" వంటి మాటలో ముందు పలికే రేఫను అక్షరానికి కుడిపక్కన ఒక గుర్తుగా వేసేవారు. కన్నడంలో అది ఇప్పటికీ నిలిచి ఉన్నది, తెలుగు అచ్చులో మరుగున పడింది. మలయాళంలో ఒత్తుల బరువు తగ్గించాలని 1971లో ప్రభుత్వమే లిపి సంస్కరణ తెచ్చి, అనేక జంట అక్షరాలను విడదీసి రాయించింది. ఒత్తు భారం మన పిల్లలకు మాత్రమే వచ్చిన కష్టం కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

తెలుగు తానే పుట్టించుకున్న జంటలు

మాట మొదటి సంయుక్తాక్షరాలన్నీ సంస్కృతం నుండి వచ్చినవని మనలో చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. అచ్చతెలుగు మాటలలోనే తెలుగు కొన్నింటిని సొంతంగా పుట్టించుకున్నది. తమిళ మాటల పక్కన పెట్టి చూడండి.

తమిళంలో మరం – పాత తెలుగులో మ్రాను.
తమిళంలో పఴైయ – తెలుగులో ప్రాత.
తమిళంలో పొఴుదు – తెలుగులో ప్రొద్దు.
తమిళంలో కీఴ్ – తెలుగులో క్రింద.
తమిళంలో విఴుంగు – తెలుగులో మ్రింగు.
తమిళంలో వరై – తెలుగులో వ్రాయు.

ఒకే మూలం నుండి వచ్చిన మాటలివి. తమిళంలో మొదటి హల్లుకూ రెండవ హల్లుకూ నడుమ అచ్చు నిలిచి ఉన్నది. తెలుగులో ఆ అచ్చు పక్కకు జరిగి, హల్లులు రెండూ దగ్గరై కలిసిపోయాయి. మాట మొదట హల్లు లేకపోతే రెండవ హల్లే ముందుకు వచ్చింది. తమిళంలో ఇరండు, ఉరల్, ఉలక్కై అన్నవి మనకు రెండు, రోలు, రోకలి. ఈ మార్పును ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) తమ గ్రంథాలలో సూత్రబద్ధంగా వివరించారు. తెలుగుతో పాటు దాని దగ్గరి చుట్టాలైన గోండి, కుయి, కొండ వంటి భాషల కుటుంబ లక్షణమిది. ఒడిశా కొండలలో మాట్లాడే కుయి భాషలో చెట్టును ఇప్పటికీ "మ్రహ్ను" అంటారు.

పై జాబితాలోని "ఴ" అక్షరం ఒకప్పుడు తెలుగుకూ ఉండేది. నన్నయకు ముందటి శాసనాలలో కనిపిస్తుంది. తరువాత ఆ ధ్వని మాట నడుమ "డ"గా మారింది. తమిళుల ఏఴు, కోఴి మనకు ఏడు, కోడి. మరొక హల్లుతో కలిసినచోట రేఫగా మారింది. అందువల్లనే క్రింద, ప్రాత, ప్రొద్దు అన్న మాటలలో క్రావడి వచ్చింది. 2014లో యూనికోడ్‌లో తెలుగు విభాగానికి ఆ పాత అక్షరాన్ని మళ్ళీ చేర్చారు.

కథ ఇక్కడితో ముగియలేదు. ఇంత కష్టపడి పుట్టించుకున్న జంటలను తెలుగు నాలుక తిరిగి వదిలేసింది. మ్రాను మాను అయింది. ప్రాత పాత అయింది. ప్రొద్దు, క్రింద, మ్రింగు, త్రాగు, క్రొత్త, వ్రాయు అన్నవి పొద్దు, కింద, మింగు, తాగు, కొత్త, రాయు అయినాయి. క్రావడి పలకని పిల్లవాణ్ణి కోప్పడే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. మన ముత్తాతలందరూ ఆ క్రావడిని వదిలినవారే.

సంస్కృత పదాలు – రెండు దారులు

సంస్కృతం నుండి వచ్చిన జంట హల్లులను కూడా జనం నోరు ఉన్నవి ఉన్నట్లు పలకలేదు. రెండు దారులు తొక్కింది. మొదటిది, రెండు హల్లులను ఒకటిగా చేసి ద్విత్వం చేయడం: అగ్ని – అగ్గి, భక్తి – బత్తి, విద్య – విద్దె, పుస్తకం – పొత్తం. రెండవది, నడుమ అచ్చు చొప్పించడం: రత్నం – రతనం, రాత్రి – రాతిరి, శ్రీ – సిరి, చంద్రుడు – చందురుడు. వీటినే మన వ్యాకరణాలు తద్భవాలని గౌరవంగా పిలిచాయి, కవులు కావ్యాలలో వాడారు. పిల్లవాడు "పిరయాణం" అన్నా, "శ్రీ"ని "సిరి" అన్నా జరిగింది ఒకటే పని. ఒకటి నిఘంటువుకు ఎక్కింది, మరొకటి ఎక్కలేదు.

మన వృత్తి పేరునే తీసుకుందాం. సంస్కృతంలో ఉపాధ్యాయుడు. తెలుగులో ఒజ్జ. తమిళంలో వాత్తియార్. "ధ్య" అన్న జంటను తెలుగు "జ్జ" చేసుకున్నది, తమిళం "త్తి" తరువాత "య" పెట్టి విడదీసుకున్నది. పాఠం చెప్పేవాని పేరే సరిగ్గా పలకకుండా ఇన్ని శతాబ్దాలు గడిచాయి!

ఒకే జంట అక్షరాన్ని ఒక్కొక్క భాష ఒక్కొక్క విధంగా పలకడం కూడా ఉన్నది. "జ్ఞానం" అన్న మాటను తెలుగువారు "గ్న్య"కు దగ్గరగా పలుకుతారు, హిందీవారు "గ్యాన్" అంటారు, మరాఠీవారు "ద్న్యాన్" అంటారు, తమిళులు మొదటి హల్లును వదిలి "ఞానం" అంటారు. "క్ష" కూడా అంతే. లక్ష్మి తమిళంలో "ఇలట్చుమి", తెలుగు తద్భవంలో "లచ్చి". "బ్రహ్మ" అని రాసి "బ్రమ్హ" అని పలకని తెలుగువారు ఎంతమంది?

ప్రపంచంలో ఇతర భాషలదీ ఇదే తీరు. స్పానిష్ భాషలో బడిని "ఎస్కువేలా" అంటారు, "స" ముందు అచ్చు లేనిదే వారికి నోరు తిరగదు. మన పల్లెల "ఇస్కూలు" కూడా ఆ కోవలోదే. పంజాబీలు అదే మాటను నడుమ విడదీసి "సకూల్" అంటారు. జపాను భాషలో సమ్మెకు వాడే "స్ట్రైక్" అన్న ఇంగ్లీషు మాట "సుతొరైకి" అయింది. ఇంగ్లీషువారు "నైఫ్", "నైట్" అన్న మాటల మొదట "క" అక్షరం రాస్తారు కానీ పలకరు. ఒకప్పుడు వారి పూర్వులు పలికేవారు, తరువాత వదిలేశారు. మన "వ్రాయు" వంటిదే అది. తమిళంలో కూడా "కూర్చో" అనడానికి "ఉట్కార్" అని రాస్తారు, వీధిలో "ఉక్కారు" అంటారు. మన అగ్ని అగ్గి అయిన పద్ధతే.

మదరాసులో జరిగిన వాదం

ఈ సంగతులకు మన ఊరికి దగ్గరి సంబంధం ఉన్నది. 1816లో మదరాసులో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ దొర ఒక పీఠిక రాశాడు. తెలుగు, తమిళ, కన్నడ భాషల ధాతువులను పక్కపక్కన పెట్టి, అవి ఒకే కుటుంబానివని మొదట నిరూపించింది ఆ పీఠికలోనే. మనం పైన మరం, మ్రాను అని పెట్టి చూసిన పద్ధతికి అది ఆరంభం.

శ్రీపెరంబుదూరులో పుట్టి మదరాసులో పాఠాలు చెప్పిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించాడు. సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పైఆరు వర్ణాలని అందులో లెక్క చెప్పాడు. ఒక్కొక్క భాషకు దాని ధ్వనుల కొలత వేరన్న ఎరుక ఆ గ్రంథం మొదటి పుటలలోనే ఉన్నది. అయితే ఆ వ్యాకరణాన్ని తరువాతివారు బడి పిల్లల రాతకు కొలబద్దగా పెట్టారు. వ్రాయు అనే రాయాలి, క్రొత్త అనే రాయాలి, లేకుంటే తప్పు.

దీనిపైనే గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పోరాడారు. నోట లేని భాషలో పిల్లవాణ్ణి రాయమనడం చదువుకే అడ్డమని వారి వాదం. అటువైపు జయంతి రామయ్య పంతులు ప్రభృతులు 1911లో మదరాసులోనే ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించి గ్రాంథికాన్ని సమర్థించారు. 1913లో గిడుగు ఆధునిక తెలుగుపై తమ విజ్ఞప్తి పత్రాన్ని ప్రకటించారు. ఆనాడు గ్రాంథికవాదులదే పైచేయి అయినా, కాలం గిడుగువైపు నిలిచింది. నేటి పాఠ్యపుస్తకాలలో రాయడం, కొత్త, కింద అన్న రూపాలే కనిపిస్తాయి. వారి పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. వాడుక భాష గెలిచిందంటే ఒత్తులు అక్కరలేదని అర్థం కాదు. అచ్చతెలుగు మాటలలో క్రావడి పోయినా ప్రజ, రాష్ట్రం, పత్రిక, విద్య, శాస్త్రం అన్న మాటలు మన వాడుకలోనే ఉన్నాయి. అవి పలకలేనివాడు వార్తాపత్రిక చదవలేడు. "పొద్దు" అన్న పిల్లవాణ్ణి దిద్దనక్కరలేదు, "పిరజ" అన్న పిల్లవాణ్ణి మాత్రం ఓర్పుగా దిద్దాలి.

తరగతిలో ఏమి చేయవచ్చు

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున సాగి 2015–16 నాటికి పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి అయింది. మాతృభాషను ఐచ్ఛిక పాఠంగా చదువుకోవాలి. న్యాయస్థానాలలో జరిగిన వాదాల సంగతి అటుంచితే, మన తరగతికి దీని ఫలితం ఒకటే. పిల్లవాడు తెలుగు ఒత్తు చూసేనాటికే తమిళ పుళ్ళి, ఇంగ్లీషు అక్షరాలు నేర్చి ఉంటాడు. వాటిని మరిపించాలని చూడడం వృథా. వాటినే మెట్లు చేసుకోవడం మేలు.

మొదట ద్విత్వాలు చెప్పండి. అక్క, అమ్మ, అవ్వ, చెట్టు, పువ్వు. నోటికి ఇవి వచ్చినవే, కంటికి మాత్రమే కొత్త.

తరువాత మాట నడుమ వచ్చే జంటలు. ఇక్కడ మన ఛందస్సు చక్కగా ఉపకరిస్తుంది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని లక్షణం. కారణమేమిటి? జంటలోని మొదటి హల్లు ముందు అక్షరానికి ఆనుకొని పలుకుతుంది. కనుక "భ, క్తి" అని విడదీయకండి. చేతులు తట్టిస్తూ "భక్ – తి", "పుస్ – త – కం", "చక్ – రం", "విద్ – య" అని పలికించండి. పలకమీద మొదట "భ క్ తి" అని పొల్లుతో పక్కపక్కన రాయించండి. తమిళం చదివే పిల్లవాడు దీన్ని వెంటనే చదువుతాడు. అది వచ్చాక "త"ను కిందికి దించి, గుడిని "క" మీదికి ఎక్కించి చూపండి. ఒక్క సూత్రం చెబితే చాలు: గుణింతం పై అక్షరం మీద కనిపిస్తుంది, కింది అక్షరంతో వినిపిస్తుంది.

కంప్యూటరు కూడా మనకు సాక్ష్యమిస్తుంది. యూనికోడ్‌లో "క్త" అన్నది క, పొల్లు, త అనే మూడు గుర్తుల వరుసగానే నిలువ ఉంటుంది. తెరమీద మాత్రమే ఒత్తు ఏర్పడుతుంది. పిల్లలచేత మీట మీట నొక్కించి ఆ మార్పును కళ్ళారా చూపించండి.

ఆపైన మాట మొదట్లోని జంటలు: ప్రజ, క్రమం, గ్రామం, ద్వారం. మొదట "ఈ ప్రజ", "మా గ్రామం" అని ముందు ఒక చిన్న మాట చేర్చి పలికిస్తే మొదటి హల్లుకు ఆనుకోవడానికి చోటు దొరుకుతుంది. "ఈప్ – రజ" అని వచ్చాక ముందు మాటను తీసివేయవచ్చు. చివరగా సంశ్లేషాలు: రాష్ట్రం, వస్త్రం, స్త్రీ. ఇక్కడ ఇంగ్లీషు సాయం తీసుకోండి. "స్ట్రీట్", "స్క్రీన్", "స్ప్రింగ్" అని తడబడకుండా అనే పిల్లవానికి "స్త్రీ" అనే శక్తి ఉన్నట్లే. ఆ శక్తిని తెలుగు మాటకు వాడవచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇంట్లో పిల్లవాడు తప్పు పలికితే నవ్వకండి. మాటను మీరు ఒకసారి నెమ్మదిగా, విరిచి, సరిగ్గా పలకండి చాలు. తమిళ మాట, తెలుగు మాట పక్కపక్కన చెప్పి చూడండి. మరం – మ్రాను – మాను, పొఴుదు – ప్రొద్దు – పొద్దు. రెండు భాషలు తెలిసిన పిల్లవానికి ఇది ఆటలా ఉంటుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో పెరిగే పిల్లవానికి ఈ ఆట ఆడే వీలు లేదు. చెన్నపట్నపు పిల్లవానికి ఉన్నది. ఒత్తుల దగ్గర వాడిని రెండు నెలలు ఓపికగా నడిపిస్తే, ఆ తరువాత తెలుగు పుస్తకం వాడే తెరుచుకుంటాడు.